వాల్ట్ మీద థీసిస్ మొదలుపెట్టే ముందు

నాయనా, ఆశీస్సులు.

జిమ్నాస్టిక్స్‌లో వాల్ట్ మీద, అంటే పరుగెత్తి స్ప్రింగు బోర్డు మీద నుంచి ఎగిరి, టేబుల్‌ను చేతులతో తోసి అవతల దిగే అంశం మీద, నువ్వు పంపిన థీసిస్ ప్రణాళిక రెండుసార్లు చదివాను. పద్దెనిమిది పరీక్షలు, ఎనిమిది మంది అమ్మాయిలు. ఇది తిరగరాయక తప్పదు. పిడికిలి బలం, సిటప్స్, లాంగ్ జంప్, స్క్వాట్‌లో లేపే గరిష్ఠ బరువు, అన్నీ కొలిచేసి చివర్లో ఏది వాల్ట్ స్కోరుతో కలుస్తుందో చూద్దామనుకుంటున్నావు. ఎనిమిది మందితో సహసంబంధం (రెండు కొలతలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.71 దగ్గరికి రాకపోతే, ఉత్త అదృష్టమేమో అన్న అనుమానానికి పెట్టుకునే ఐదు శాతం గీటు దాటదు. పద్దెనిమిది చూస్తే ఒకటి ఉత్త అదృష్టం కొద్దీ దాటుతుంది. నువ్వు దాన్నే ఫలితమని రాస్తావు. పదేళ్ల పిల్లనీ పదహారేళ్ల పిల్లనీ ఒకే పట్టికలో పెడితే చెప్పుల సైజు కూడా వాల్ట్‌తో కలుస్తుంది మరి.

ముందు వాల్ట్ ఏమడుగుతుందో చూడు. పరుగు 25 మీటర్లకు మించకూడదు. టేబుల్ ఎత్తు అమ్మాయిలకు 125 సెం.మీ., అబ్బాయిలకు 135. బోర్డు మీద పాదాలు ఉండేది సెకనులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. స్క్వాట్‌లో పెద్ద బరువుతో పైకి లేవడానికి సెకను దాకా పట్టొచ్చు. బోర్డు అంత తీరిక ఇవ్వదు. బలం ఎంతుందన్నది ఒక ప్రశ్న, అంత తక్కువ వ్యవధిలో అందులో ఎంత బయటికొస్తుందన్నది వేరే ప్రశ్న. నీ థీసిస్‌కి రెండోది చాలు.

కాబట్టి నాలుగు కొలతలే ఉంచుకో: పరుగు వేగం, డ్రాప్ జంప్ (పెట్టె మీద నుంచి దిగి, నేల తాకగానే పైకి ఎగరడం), బోర్డు మీద పాదం పడిన చోటు, టేబుల్ వదిలాక గాల్లో ఉన్న సమయం. వీటన్నిటికీ సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను, గట్టి ట్రైపాడ్, టేపు చాలు. కొన్ని ఫోన్లు 240 అని చెప్పి తక్కువే తీస్తాయి, అందుకే ముందు దాన్ని పరీక్షించు. బంతి అడుగు భాగం నేలకు సరిగ్గా ఒక మీటరు పైన ఉండేలా పట్టుకుని వదిలి, వదిలిన ఫ్రేము నుంచి తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టు. 108 రావాలి. రెండు మూడు తేడా అయితే వదిలిన క్షణాన్ని నువ్వు సరిగ్గా పట్టుకోలేదు. పది ఇరవై తేడా అయితే తప్పు ఫోనుదే.

పరుగు వేగానికి బోర్డు నుంచి వెనక్కి 3 మీటర్ల దగ్గర ఒకటి, 8 మీటర్ల దగ్గర ఒకటి నేల మీద గీతలు పెట్టు. చివరి 3 మీటర్లు వదిలేస్తే బోర్డు మీదికి ఎగిరే హర్డిల్ చాలావరకు లెక్కలోకి రాదు. ఇక్కడ అందరూ చేసే పొరపాటొకటి ఉంది. కెమెరా మధ్యలో ఉంటుంది కాబట్టి రెండు గీతల్నీ ఏటవాలుగా చూస్తుంది. నడుము నిజంగా గీత దాటిన క్షణం, వీడియోలో దాటినట్టు కనిపించే క్షణం ఒకటి కావు. కెమెరా పరుగుబాటకు 10 మీటర్ల దూరంలో ఉంటే, సగం దూరంలో, అంటే 5 మీటర్ల దగ్గర, మధ్య రేఖకు రెండు వైపులా 1.25 మీటర్లకు ఒక్కో కర్ర నిలబెట్టు. నడుము కర్ర వెనక్కి వచ్చినప్పుడు అసలు గీత మీద ఉన్నట్టే. ఆ 5 మీటర్లకు 168 ఫ్రేములు పడితే 0.70 సెకను, వేగం సెకనుకు 7.1 మీటర్లు.

డ్రాప్ జంప్ 30 సెం.మీ. పెట్టె మీద నుంచి. చేతులు నడుము మీదే ఉండాలి. పెట్టె మీద నుంచి పైకి ఎగరకుండా ఊరికే అడుగేసి దిగమను. నేలను తాకి ఉన్న సమయం, ఆ తర్వాత గాల్లో ఉన్న సమయం రెండూ రాసుకో. రెండోదాన్ని మొదటిదానితో భాగించు. 0.48ని 0.19తో భాగిస్తే 2.5. తాకిడి 0.25 సెకను దాటితే ఆ జంప్ వాల్ట్‌కు పనికొచ్చే సంగతేమీ చెప్పదు, కొట్టేయ్. పిల్లలు తెలివైనవాళ్లు, మోకాళ్లు ముడుచుకుని దిగి గాల్లో సమయం పెంచేస్తారు. 0.48 సెకనుకు లెక్క ప్రకారం 28 సెం.మీ. ఎత్తు. ముడుచుకుని 0.52 చేస్తే 33 వస్తుంది. ఆ ఐదు సెంటీమీటర్లు ఉత్తివి. దిగేటప్పుడు కాళ్లు చాపి, మునివేళ్లు ముందు తాకిన జంపులే తీసుకో.

గాల్లో సమయం నుంచి ఎత్తు తీసే ఆ సూత్రాన్ని వాల్ట్‌కు వాడకు. నీ ప్రణాళికలో వాడావు. ఎగిరిన మట్టం, దిగిన మట్టం ఒకటైతేనే అది నిజం. టేబుల్ మీద నుంచి వదిలి కింద మ్యాట్ మీద దిగినప్పుడు కాదు. సెకన్లు సెకన్లుగానే రాయి.

పాదం చోటుకు పరికరమేమీ అక్కర్లేదు. పరుగుకు ముందు అరికాళ్లకు చాక్ రాయించు. బోర్డు మీద పడిన తెల్ల మచ్చ నుంచి ముందు అంచుకు టేపుతో కొలిచి, తడిగుడ్డతో తుడిచేయ్. వేగం పెరిగినా వాల్ట్ పెరగని పిల్ల విషయంలో మొదట ఈ మచ్చలే చూడు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి చెదిరి ఉంటే అడుగులు కుదరక చివర్లో సాగదీస్తోందన్నమాట. బలం పెంచే కసరత్తులు దానికి మందు కాదు.

మొత్తం స్కోరును ఫలితంగా పెట్టుకోకు. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో దీపా కర్మాకర్ రెండో వాల్ట్ ప్రొడునోవాకు (టేబుల్ వదిలాక గాల్లో ముందుకు రెండు పల్టీలు కొట్టే కష్టమైన వాల్ట్) 15.266 వచ్చింది: కష్టానికి 7.0, అమలుకు 8.266. మొదటి వాల్ట్ 14.866. సగటు 15.066తో నాలుగో స్థానం, కాంస్యం 15.216కు వెళ్లింది. కష్టం అంకె ఎంచుకున్న వాల్ట్‌ను బట్టి ముందే ఖాయమవుతుంది. ఈ నెల కష్టమైన వాల్ట్‌కు మారిన పిల్ల స్కోరు, టెక్నిక్ రవ్వంత మారకపోయినా పైకి దూకుతుంది. అందుకే అందరి చేతా ఒకే హ్యాండ్‌స్ప్రింగ్ (టేబుల్ మీద చేతులు ఆనించి తలకిందులుగా దాటి కాళ్ల మీద దిగే వాల్ట్) చేయించి కొలువు.

2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో 13.649తో కాంస్యం తెచ్చిన అరుణా రెడ్డి మన హైదరాబాదు అమ్మాయే. కానీ ఆ స్థాయి పిల్లలు పది మంది ఒక్క హాల్లో నీకు దొరకరు. ఎనిమిది మందినే పన్నెండు వారాలు, వారానికి ఒకసారి, ఒకే సమయానికి కొలువు. ఎవరి గ్రాఫు వాళ్లకే. మొదటి రెండు వారాలు శిక్షణలో ఏదీ మార్చకు. ఒక్కొక్కరికి ఆ రెండు కొలతల మధ్య వచ్చిన తేడాల ప్రామాణిక విచలనాన్ని (స్టాండర్డ్ డీవియేషన్) 1.41తో భాగిస్తే నీ కొలతలో ఉండే పొరపాటు తెలుస్తుంది. అది సెకనుకు 0.1 మీటరైతే, ఆ తర్వాత ఎవరి వేగమో 0.1 పెరిగిందని పండగ చేసుకోకు.

పిల్లల విషయం. తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్ల ఒప్పుకోలూ కావాలి. బరువు ఒక్కొక్కరినీ విడిగా చూడు, పైకి చదవకు. మణికట్టు నొప్పి అన్న పిల్లను ఆ రోజు టేబుల్ దగ్గరికి పంపకు. ఆ వయసులో ముంజేతి ఎముక చివరి ఎదుగుదల పొర ఇంకా మెత్తగా ఉంటుంది, నొప్పి అక్కడి నుంచి రావచ్చు. కొలతలు వార్మప్ అయిన వెంటనే తీసుకో, సాధన చివర్లో అలిసిపోయాక కాదు. ఒక్కొక్కరికి నాలుగు వాల్ట్‌లు చాలు.

వచ్చే వారం హాలుకు వెళ్లేలోపు బంతి పరీక్ష పదిసార్లు చేసి, ఎన్నేసి ఫ్రేములు వచ్చాయో రాసి పంపు.