ఐదు గంటల లెక్క, గంటన్నరకే బీప్

ప్రశ్న: మాది హనుమకొండ, నయీంనగర్. అమ్మాయి ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేస్తుంది. ఎండాకాలం గాలిదుమారం లేచిందంటే రెండు మూడు గంటలు కరెంట్ ఉండదు. ఫైబర్ డబ్బాకు, వైఫై రౌటర్‌కు కలిపి 600 వీఏ యూపీఎస్ కొన్నాం. లోపల ఉన్నది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే రెండూ కలిసి 16 వాట్లు తింటున్నాయి. 12 ఏడ్ల 84, దాన్ని 16తో భాగిస్తే ఐదు గంటల పైనే రావాలి. గంటన్నరకే బీప్ బీప్ మొదలవుతోంది. షాపువాళ్ళు మోసం చేశారా? పాత ల్యాండ్‌లైన్‌కు ఈ టెన్షన్ ఉండేది కాదు కదా?
— ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: మోసం ఏమీ లేదమ్మా, మీ లెక్కా తప్పు కాదు. యూపీఎస్ తన తిండి తాను తింటుందన్న సంగతి అందులో చేరలేదు. ఈ సైజువి నా బల్ల మీద పెట్టి కొలిచాను. బ్యాటరీ మీద నడిచేటప్పుడు, ఏమీ తగిలించకపోయినా 15 నుంచి 20 వాట్లు తమకోసమే లాగేస్తాయి. అంటే మీ 16కు ఇంకో 18 కలపండి, 34. ఇంటి యజమాని కంటే వాచ్‌మన్ ఎక్కువ తిన్నట్టు.

ఇక ఆ 7 ఏహెచ్ ఉందే, అది 20 గంటల లెక్క. 0.35 ఆంపియర్ల చొప్పున ఇరవై గంటలు మెల్లగా తీస్తేనే ఏడూ వస్తాయి. మీ యూపీఎస్ దాదాపు 3 ఆంపియర్లు లాగుతోంది. అలా లాగితే నాలుగున్నర, ఐదుకు మించి రావు. అయిదే అనుకున్నా 60 వాట్ అవర్లు. 34తో భాగించి చూడండి, మీ గంటన్నర దగ్గరికే వస్తుంది. 600 వీఏ అన్నది అది ఎంత బరువు మోస్తుందో చెప్తుంది గానీ ఎంతసేపు మోస్తుందో చెప్పదు.

ఇంకో విడ్డూరం చూడండి. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టుల డీసీ. మీ రెండు డబ్బాలు తినేదీ, అడాప్టర్ మీద చదివి చూడండి, చాలావరకు 12 వోల్టుల డీసీయే. మధ్యలో దాన్ని 230 ఏసీ చేసి, అడాప్టర్ పెట్టి మళ్ళీ 12కు దించుతున్నాం. కాబట్టి రౌటర్ల కోసం వచ్చే డీసీ మినీ యూపీఎస్ తీసుకోండి. అడాప్టర్ నష్టం కూడా పోతుంది గనక డబ్బాలు తినేది 14 వాట్లే.

కానీ దాని అట్టపెట్టె మీద నంబరు చూసి మురిసిపోకండి. పోయిన వారం ఒకాయన తెచ్చిన దాన్ని మూత విప్పి చూశాను. పైన 10,400 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలు. లోపల వేలంత సైజు సెల్లులు నాలుగు, ఒక్కోటి 2,600. నంబరులో అబద్ధం లేదు. అయితే అది సెల్లు సొంత వోల్టేజీ 3.7 దగ్గరి లెక్క, 12 దగ్గర కాదు. 10.4ను 3.7తో గుణిస్తే 38 చిల్లర వాట్ అవర్లు. వోల్టేజీ పెంచడంలో పదిహేను శాతం పోతే 33 మిగులుతాయి. మీ 14 వాట్లకు రెండు గంటల ఇరవై నిమిషాలు, అదీ కొత్తలో. ఆయన మాత్రం 12తో గుణించుకుని తొమ్మిది గంటలు వస్తుందనుకున్నాడు పాపం.

మీకు మూడు గంటలు కావాలి. 14 ఇంటూ 3, 42. నష్టం కలిపితే 50. రెండేళ్ళకు సెల్లుల సత్తువ తగ్గుతుంది, దానికోసం ఇంకాస్త వేసి 62 అనుకోండి. 3.7తో భాగిస్తే 16,700 ఎంఏహెచ్. అంతకు తక్కువది కొనకండి. అవుట్‌పుట్ 12 వోల్టులు, 2 ఆంపియర్లకు తగ్గకూడదు. మీ రౌటర్ 9 వోల్టులదైతే ముందే చెప్పి దానికి తగ్గ పిన్ ఉన్నది అడగండి.

ల్యాండ్‌లైన్ సంగతి అడిగారు, నా ఉద్యోగమంతా అక్కడే గడిచింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో బ్యాటరీ గది నాది. రెండు వోల్టుల సెల్లులు ఇరవై నాలుగు, వరసగా చెక్క స్టాండు మీద. పొద్దున్నే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్లు చూడటం, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోయడం, టెర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లని బూజు తినేసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో కడిగి వ్యాజిలీన్ రాయడం. నా ప్యాంట్లన్నిటికీ మోకాళ్ళ దగ్గర యాసిడ్ చిల్లులే. మీ ఇంట్లో ఫోన్ మాట్లాడింది ఆ 48 వోల్టులతోనే, రాగి తీగ వెంట వచ్చేది. ఫైబర్ గాజు, అందులో వెలుగు వస్తుంది, కరెంట్ రాదు. అందుకే ఆ బ్యాటరీ గది మీ ఇంటికి మారింది.

ఒక్క మాట. ఇంత చేశాక కూడా నెట్ పోతే, ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ లైటు చూడండి. ఎర్రగా వెలిగితే అవతలి నుంచి వెలుగే రావట్లేదన్నమాట. ఒక్కోసారి మీ ఆపరేటర్ గదిలోనే కరెంట్ పోయి ఉంటుంది. దానికి మీరేం చేయలేరు, ఫోన్ చేసి అడగడం తప్ప.

ప్రశ్న: ఇంట్లో 150 ఏహెచ్ ఇన్వర్టర్ ఉంది. కరెంట్ పోగానే ఫ్యాన్ ఆగదు, రౌటర్ మాత్రం ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఐదు నిమిషాలు వేస్ట్.
— కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వెనకాల యూపీఎస్, నార్మల్ అని చిన్న స్విచ్ ఉంటుంది, చాలామంది ఇళ్ళలో అది నార్మల్‌లోనే ఉండిపోతుంది. యూపీఎస్ వైపు నొక్కండి. మారేటప్పుడు పడే గ్యాప్ తగ్గుతుంది. అప్పటికీ ఆగితే అతి చిన్న మినీ యూపీఎస్ ఒకటి మధ్యలో పెట్టండి. అది ఒక్క సెకను రౌటర్‌ను నిలబెడితే చాలు, మిగతాది మీ పెద్ద బ్యాటరీ చూసుకుంటుంది.

ప్రశ్న: అన్నా, ములుగు దగ్గర మూడు ఊళ్ళకు నెట్ ఇస్తున్న. రేకుల గదిల ఓఎల్‌టీ (ఇండ్లకు ఫైబర్ల వెలుగు పంపే డబ్బా), ఒక నెట్‌వర్క్ స్విచ్ ఉన్నయి, మొత్తం 110 వాట్లు. ఓఎల్‌టీ మైనస్ 48 తీసుకుంటది, స్విచ్ కూడ గదే. వానకాలం ఎనిమిది గంటలు ఆగాలె. ఎంత బ్యాటరీ పెట్టాలె?
— ఒక కేబుల్ ఆపరేటర్

జవాబు: తమ్ముడూ, 110ని 48తో భాగిస్తే 2.3 ఆంపియర్లు. ఎనిమిది గంటలకు 18.4 ఏహెచ్. బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, ఎనభై శాతం దగ్గర ఆపాలి. కొన్నేళ్ళకు దాని సత్తువే ఎనభైకి పడిపోతుంది. రెండుసార్లు 0.8తో భాగించు, 29 వస్తుంది. 26 ఏహెచ్‌ది చాలదు. 12 వోల్టుల 42 ఏహెచ్ వీఆర్ఎల్ఏ (నీళ్ళు పోయక్కర్లేని సీల్డ్ లెడ్ యాసిడ్) బ్యాటరీలు నాలుగు సిరీస్‌లో పెట్టు. చార్జర్ లోడును మోస్తూనే బ్యాటరీలో నాలుగు ఆంపియర్లు నింపాలి గనక 10 ఆంపియర్లది తీసుకో.

నీకు అసలు శత్రువు ఆ రేకులు. ఈ బ్యాటరీలకు 25 డిగ్రీలు హాయి. అక్కడి నుంచి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. పైన సీలింగ్ వేయించు, బ్యాటరీలు నేల దగ్గర, గాలి తగిలేలా పెట్టు. ఫ్లోట్, అంటే నిండిన బ్యాటరీ మీద ఎప్పుడూ ఉంచే వోల్టేజీ, సెల్లుకు 2.25 చొప్పున ఇరవై నాలుగు సెల్లులకు 54 వోల్టులు. వేడి పెరిగితే అది తగ్గాలి, డిగ్రీకి సెల్లుకు 3 మిల్లీవోల్టులు. గది 40 డిగ్రీలుంటే 53 దగ్గర ఉండాలి. ఉష్ణోగ్రత చూసి తనే తగ్గించుకునే చార్జర్ అడుగు.

మైనస్ 48 అంటే ప్లస్‌ను ఎర్త్ చేస్తారు. మన ఇన్వర్టర్ అలవాటులో మైనస్‌ను ఎర్త్‌కు కట్టేవాళ్ళను చూశాను, ఫ్యూజు ఎగిరిపోయింది, అదృష్టం. ఫ్యూజు మైనస్ వైపే వెయ్యి. నాలుగూ ఒకే బ్యాచ్‌వి కొను, పాతదాంట్లో కొత్తది కలపకు, బిగించిన తారీఖు స్కెచ్ పెన్‌తో నాలుగింటి మీదా రాసి పెట్టు.