ఇంటి ముందు మెకానిక్ షెడ్డు: పేరు, బోర్డు, ప్రచారం - మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: షోరూంలో పన్నెండేళ్లు టూవీలర్ మెకానిక్‌గా చేసి, ఇప్పుడు ఇంటి ముందే రేకుల షెడ్డు వేసుకున్నాను. 'శ్రీ వెంకటేశ్వర ఆటో వర్క్స్' అని పెడదామంటే పక్క వీధిలో ఆ పేరుతోనే ఒక షాపుంది. నాకు హోండా బళ్లు బాగా తెలుసు కాబట్టి 'హోండా సర్వీస్ పాయింట్' అని పెట్టమంటున్నాడు మా బావమరిది. ఏది మంచిది? - ఒక మెకానిక్, తణుకు

జవాబు: రెండూ వద్దండి. మొదటి పేరులో దేవుడి పేరు కంటే 'ఆటో' అన్న మాటతోనే ఎక్కువ చిక్కు. మన ఊళ్లలో ఆటో అంటే మూడు చక్రాల బండే. స్కూటీ పాడైన అమ్మాయి ఆ బోర్డు చూసి, ఇక్కడ ఆటోలు బాగుచేస్తారు కాబోలు అనుకుని ముందుకెళ్లిపోతుంది. 'బైక్', 'స్కూటీ', 'మెకానిక్' అన్న మాటలు పేరులోనే ఉండాలి. ఫోన్‌లో వెతికేవాళ్లు కూడా 'బైక్ మెకానిక్' అనే కొడతారు.

ఇక హోండా సంగతి. కంపెనీ పేరు మీ షాపు పేరైతే, అది కంపెనీవాళ్ల సర్వీస్ సెంటరని జనం పొరబడతారు. లాయర్ నోటీసు వస్తే బోర్డు, బిల్లు పుస్తకం, స్టిక్కర్లు అన్నీ మార్చుకోవాలి. 'హోండా, హీరో, టీవీఎస్ బళ్లు రిపేరు చేయబడును' అని పేరు కింద మామూలు అక్షరాల్లో రాసుకోవడం వేరు. మన పని ఏ బండికి పనికొస్తుందో చెప్పడానికి అలా పేరు వాడుకోవడాన్ని 1999 ట్రేడ్ మార్కుల చట్టం ఒప్పుకుంటుంది. రెక్క గుర్తు, కంపెనీ అక్షరాల తీరు, 'ఆథరైజ్డ్' అన్న మాట మాత్రం వాడొద్దు.

ఊళ్లోవాళ్లు మిమ్మల్ని ఎలా పిలుస్తారో ఆ పేరు, దాని పక్కన పని, కింద చోటు రాయండి: 'నాని బైక్ మెకానిక్, చెరువు గట్టు వీధి' అన్నట్టు. స్వామి పేరు కావాలనిపిస్తే బోర్డు పైభాగాన చిన్న అక్షరాల్లో వేయించండి, అదీ శుభమే. పేరు ఖాయం చేసుకునే ముందు ఫోన్‌లో ముగ్గురికి ఒక్కసారే చెప్పి, రాసి పంపమనండి. ఇద్దరు తప్పు రాశారంటే ఆ పేరు మార్చాల్సిందే. 'శ్రీ' ఒక్కదాన్నే ఇంగ్లీషులో మూడు రకాలుగా రాస్తారు. మీరు ఏ స్పెల్లింగ్ ఎంచుకున్నా బోర్డు, బిల్లు, గూగుల్ మ్యాప్, ఫోన్‌పే అన్నిచోట్లా అదే ఉండాలి. క్యూఆర్ కొట్టగానే తెలియని పేరు కనిపిస్తే కస్టమర్ డబ్బు పంపకుండా ఆగిపోతాడు.

ఆ పేరుతోనే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) చేయించుకోండి. ఆధార్, పాన్ ఉండాలి, ప్రభుత్వ పోర్టల్‌లో పైసా ఫీజు లేదు, రెన్యూవల్ కూడా లేదు. డబ్బు అడిగిన వెబ్‌సైటు ఏదైనా అది ప్రభుత్వానిది కాదు.

ప్రశ్న: ఆరడుగుల ఫ్లెక్సీ కట్టాం. అయినా 'మీ షెడ్డు ఎక్కడ?' అని ఫోన్లు వస్తూనే ఉన్నాయి. లోపం ఎక్కడుంది? - సిద్దిపేట

జవాబు: మీరు పంపిన ఫొటోలోనే జవాబుంది. సగం ఫ్లెక్సీని బైకు బొమ్మలు, మీ ఫొటో తినేశాయి. మిగతా సగంలో పద్నాలుగు రకాల పనుల జాబితా ఉంది. బండి మీద వెళ్లే మనిషి మూడు నాలుగు సెకన్లకు మించి బోర్డు చూడడు. పేరు, పని, ఫోన్ నంబరు, ఈ మూడే ఉంచండి.

అక్షరం ఎత్తుకు ఒక లెక్కుంది. చదవాల్సిన దూరం ప్రతి 10 అడుగులకూ ఒక అంగుళం. రోడ్డు 50 అడుగుల దూరంలో ఉంటే 5 అంగుళాలు కావాలి. అయితే ఇది ఇంగ్లీషు పెద్ద అక్షరాల లెక్క. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఆ ఎత్తులోనే ఇమడాలి కాబట్టి అసలు అక్షరం చిన్నదైపోతుంది. తెలుగుకు ఒకటిన్నర రెట్లు తీసుకోండి, వరుసల మధ్య ఒత్తులు తగలనంత ఖాళీ వదలండి. వంకర్లు తిరిగిన పెళ్లిపత్రిక ఫాంట్లు అసలు వద్దు. పసుపు మీద నలుపు దూరానికి బాగా కనిపిస్తుంది, నీలం మీద ఎరుపు కనిపించదు. ఫోన్ నంబరును ఐదు అంకెలు, ఖాళీ, మళ్లీ ఐదు అంకెలుగా విడగొట్టండి.

ఫ్లెక్సీ మన ఎండకు ముందు ఎరుపు పోగొట్టుకుంటుంది, ఆ తర్వాత గాలికి చిరుగుతుంది. రేకు మీద రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు వేయించి పెయింటర్‌తో రాయిస్తే అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది. నా ఓటు దానికే. వీధి మలుపులో బాణం గుర్తు బోర్డు తప్పనిసరిగా పెట్టండి, కానీ ఆ ఇంటివాళ్లను అడిగి వాళ్ల గోడ మీద. కరెంటు స్తంభాలకు, ప్రభుత్వ గోడలకు కట్టారంటే బహిరంగ స్థలాలను పాడుచేయకూడదన్న 1997 నాటి చట్టం కింద కేసు పెట్టొచ్చు.

ప్రశ్న: గూగుల్ మ్యాప్‌లో పెట్టిన మా షాపు రెండు నెలలకే సస్పెండ్ అయింది. మళ్లీ కొత్తది తెరవాలా? - గుంటూరు

జవాబు: తెరవొద్దు, రెండోదీ పోతుంది. షాపు పేరు చివర 'బెస్ట్ బైక్ మెకానిక్ గుంటూరు 24 గంటలు' అని తగిలించారు కదా, అందుకే అయుంటుంది. బోర్డు మీద ఉన్న పేరే అక్కడా ఉండాలన్నది వాళ్ల నియమం. పేరు సరిచేసి, బోర్డు ఫొటో, ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేసి అప్పీలు పెట్టండి. వీడియో అడిగితే మధ్యలో ఆపకుండా ఒకే టేకులో తీయండి: వీధి, బోర్డు, మీ చేత్తో షెడ్డు తాళం తీయడం, లోపల స్పానర్ల బల్ల, కంప్రెసర్. రివ్యూ రాస్తే ఆయిల్ మీద తగ్గింపు ఇస్తామనడం కూడా నియమాలకు విరుద్ధమే. బండి తీసుకెళ్లిన మర్నాడు 'ఎలా నడుస్తోందండీ' అని అడిగి, ఆ మెసేజ్‌లోనే లింకు పంపితే చాలు.

వాట్సాప్ బిజినెస్ బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి ఒక్కసారే పంపడం) గురించి కూడా అడిగారు. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. కాబట్టి బండి అప్పగించేటప్పుడే వాళ్ల ఫోన్‌లో నంబరు సేవ్ చేయించండి.

ప్రశ్న: 'జనరల్ సర్వీస్ ₹299' అని పేపర్లో కరపత్రాలు పెట్టించాను. జనం వచ్చారు, బిల్లు దగ్గర గొడవలూ వచ్చాయి. - ఖమ్మం

జవాబు: ఆ 299లో ఏముందో కరపత్రంలోనే రాయాలి: ఎయిర్ ఫిల్టర్ శుభ్రం, ప్లగ్ శుభ్రం, చైన్ బిగింపు, బ్రేకుల సర్దుబాటు, వాటర్ వాష్. దాని కిందే అంతే సైజు అక్షరాల్లో 'ఇంజిన్ ఆయిల్, విడిభాగాలు అదనం' అని ఉండాలి. చిన్న అక్షరాల్లో దాచారు కాబట్టే గొడవ. అదనపు పని తేలితే చేసే ముందే ఫోన్ చేసి రేటు చెప్పండి, మార్చిన పాత సామాను కస్టమర్ చేతికివ్వండి.

కరపత్రాలు మీ షెడ్డుకు రెండు మూడు కిలోమీటర్ల లోపు తిరిగే పేపర్ లైన్లకే ఇవ్వండి. ఆగిపోయిన బండిని తోసుకుంటూ అంతకంటే దూరం ఎవరూ రారు. మిగిలిన డబ్బుతో రెండు అంగుళాల వినైల్ స్టిక్కర్లు కొట్టించి, సర్వీసుకు వచ్చిన ప్రతి బండికీ సీటు కింద అంటించండి. తేదీ, మీటరు రీడింగు, మళ్లీ ఆయిల్ మార్చాల్సిన కిలోమీటర్లు, మీ నంబరు ఉంటే చాలు. అక్షరాలు చెరగని మార్కర్‌తో రాయండి, బాల్‌పెన్ను రాత పెట్రోలు తగిలితే పోతుంది.

ప్రశ్న: బోర్డు కట్టాక ఏమైనా ఇబ్బందులు వస్తాయా? - అనకాపల్లి

జవాబు: బోర్డు కనిపించగానే కరెంటువాళ్లు మీటరు చూస్తారు. ఇంటి మీటరుతో కంప్రెసర్ నడిపితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్ వేస్తారు, ఎప్పటినుంచో తేలకపోతే 12 నెలలకు లెక్కగడతారు. షెడ్డుకు వేరే కమర్షియల్ మీటరు ముందే తీసుకోండి. వాడిన ఇంజిన్ ఆయిల్ చుక్క కూడా మురికి కాలవలో పోయొద్దు. ఇరుగుపొరుగు నుంచి ఫిర్యాదు వచ్చేది ముందు దాని మీదే. మూత గట్టిగా బిగిసే క్యాన్లలో నింపి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వండి.