నానమ్మ బొమ్మ వేయబోయే ముందు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ నానమ్మగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తైలవర్ణంలో బొమ్మ వేస్తానన్నావు. ఎంత సంతోషించానో! ఫోటో చూసి వేసేటప్పుడు ఈ అదృష్టం ఉండదు.

ముందు ఆవిడ సుఖం చూడు. చేతుల కుర్చీ వేసి, నడుముకు దిండు పెట్టు. 20 నిమిషాలకోసారి లేచి నాలుగు అడుగులు వేయనివ్వు. లేచే ముందు కుర్చీ కాళ్ల చుట్టూ, ఆవిడ పాదాల చుట్టూ సుద్దముక్కతో గీతలు పెట్టు, మళ్లీ అదే చోట కూర్చోబెట్టడానికి. ఉత్తరపు కిటికీ ఒక్కటే తెరువు. ఎండాకాలం ఉదయం, సాయంత్రం తప్ప అటునుంచి ఎండ నేరుగా పడదు కాబట్టి నీడలు నిలకడగా ఉంటాయి.

రంగులు నాలుగు చాలు: తెలుపు, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ (సింధూరపు ఎరుపు), నలుపు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో ప్రసిద్ధమైన కూర్పు ఇది. నలుపులో తెలుపు కలిపి మేనిఛాయ పక్కన పెట్టి చూడు, నీలంగా అనిపిస్తుంది.

కళ్లతో మాత్రం మొదలుపెట్టకు, తల్లీ. ఆ తొందరలో నేను చాలా కాన్వాసులు పాడుచేశాను. నీ కళ్లు సగం మూసి చూడు. ముడతలు, రెప్పవెంట్రుకలు అన్నీ మాయమై వెలుగు ఒక ముద్దగా, నీడ ఒక ముద్దగా మిగులుతాయి. కనుబొమల కింద, ముక్కు పక్కన, గడ్డం కింద ఆ నీడల ఆకారం కుదిరితే కళ్లు లేకుండానే ఆవిడ పోలిక వచ్చేస్తుంది. తరువాత కళ్లకు వచ్చినప్పుడు, కంటిలోని తెల్లభాగానికి తెలుపు వాడకు. పై రెప్ప నీడ పడి అది బూడిద రంగులో ఉంటుంది. తెలుపు పెట్టావా, ఆవిడ దేన్నో చూసి ఉలిక్కిపడినట్టు ఉంటుంది. ముక్కుపుడక మెరుపు చివరి రోజున, చిక్కటి తెలుపుతో ఒకే ఒక్క చుక్క. పెట్టాక మళ్లీ ముట్టుకోకు.

పావుగంట గడిచేసరికి ఎవరి ముఖమైనా వాలిపోతుంది, పెదవుల చివరలు జారతాయి. ఆ అలసటను వేయకు. చిన్ననాటి కబుర్లు అడుగు. చెబుతూ చెబుతూ ముఖం విప్పారినప్పుడు నోటి తీరు బాగా చూసి పెట్టుకుని, అప్పుడు వెయ్యి.

అడుగు పొరలు టర్పెంటైన్‌తో పలుచగా, పై పొరలు లిన్సీడ్ (అవిసె) నూనెతో. తారుమారైతే రంగు బీటలు వారుతుంది.

మొదటి రోజు సాయంత్రం బొమ్మను అద్దంలో చూడు. వంకరలన్నీ బయటపడతాయి. ఏమేమి కనిపించాయో వెంటనే నాకు రాయి.

మామయ్య