టెక్ సందేహాలు: యూరప్‌లో అడిగి తీసుకోవాలి, అమెరికాలో మనమే వద్దని చెప్పాలి

ఈసారి ప్రశ్నలు ఎక్కువగా యూరప్, అమెరికాల్లో ఉన్న మనవాళ్ల నుంచి, అక్కడికి బయల్దేరుతున్న పిల్లల నుంచి వచ్చాయి. అడిగినవి వేరువేరైనా చిక్కు ఒక్కచోటే ఉంది. యూరప్‌లో మీ వివరాలు తీసుకునేవాడు ముందు మీ ఒప్పుకోలైనా చూపాలి, చట్టంలో రాసిన మరో కారణమైనా చూపాలి. అమెరికాలో చాలావరకు తీసేసుకుంటారు, ఇష్టం లేనివాళ్లే పనిగట్టుకుని వద్దని చెప్పాలి. అందుకే ఒకచోట పనికొచ్చే ఉపాయం రెండోచోట పనికిరాదు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి బెర్లిన్ వచ్చాను. ఏ సైటు తెరిచినా కుకీల పెట్టె అడ్డొస్తోంది. అన్నిటికీ 'యాక్సెప్ట్' కొట్టేస్తున్నాను. నష్టమా?

నష్టమే. ఒక్క నొక్కుతో వందల ప్రకటనల కంపెనీలకు మీరు ఏ పేజీలు చూస్తున్నారో గమనించుకునే వీలు ఇచ్చినట్టు. ఆ పెట్టెను చికాకుగా చూడకండి, అది మీ చేతికిచ్చిన తాళంచెవి. ముందే టిక్కు పెట్టిన గడి ఒప్పుకోలు కాదని యూరప్ న్యాయస్థానం 2019లో తేల్చింది. ఒప్పుకోవడం ఎంత తేలికో కాదనడమూ అంతే తేలికగా ఉండాలంటూ ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోల జరిమానా ప్రకటించింది.

'రిజెక్ట్ ఆల్' ఉంటే అదే నొక్కండి. జర్మన్ సైట్లలో అది 'ఆలె ఆబ్లేనెన్' అని ఉంటుంది. కనిపించకపోతే 'సెట్టింగ్స్'లోకి వెళ్లండి. అక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది: 'లెజిటిమేట్ ఇంటరెస్ట్' అనే రెండో పలక. మొదటి పలకలో అన్నీ ఆపేసినా ఇందులోవి వెలిగే ఉంటాయి. అవీ ఆపి, ఆ తర్వాతే 'సేవ్' నొక్కాలి.

రోజూ ఈ బాధ పడలేకపోతే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ప్రకటనల్ని అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ వేసుకుని, దాని సెట్టింగ్స్‌లో 'ఫిల్టర్ లిస్ట్స్' తెరిచి 'కుకీ నోటీసెస్' జాబితాకు టిక్కు పెట్టండి. మామూలుగా అది ఆపే ఉంటుంది. ఇది పెట్టెను దాస్తుందేగానీ మీ తరఫున ఏమీ ఒప్పుకోదు. అప్పుడప్పుడు పేజీ కిందికి జరగకుండా బిగుసుకుపోతుంది. అలాంటి సైటుకు మాత్రం దాన్ని కాసేపు ఆపితే సరి.

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. గూగుల్‌లో నా పేరు వెతికితే ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, మా ఆయన పేరు, వయసు అన్నీ వస్తున్నాయి. పిల్లలున్న ఇల్లు, భయంగా ఉంది. తీయించడం ఎలా?

మీ భయం న్యాయమైనది. యూరప్‌లో ఇలాంటి వ్యాపారం ఇంత బాహాటంగా నడవదు. అమెరికాలో అన్ని రంగాలకూ కలిపి ఒక్క కేంద్ర చట్టం లేదు, రంగానికొకటి ఉంది. వీడియో క్యాసెట్లు ఏవి అద్దెకు తీసుకున్నారో ఆ జాబితాకు 1988 నుంచీ రక్షణ ఉంది, ఇంటి అడ్రసుకు లేదు. పైగా సమాచారం అమ్ముకోవడాన్ని అక్కడి కోర్టులు వాక్ స్వాతంత్ర్యం కోణంలో చూస్తాయి. డాక్టర్లు ఏ మందులు రాస్తున్నారనే వివరాల అమ్మకాన్ని వెర్మాంట్ రాష్ట్రం కట్టడి చేస్తే, 2011లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది.

మీ వివరాలు ఎక్కడినుంచి పోయాయో ముందు తెలుసుకోండి. టెక్సస్‌లో ఇంటిపన్ను రికార్డు బహిరంగం. ఇళ్ల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటులో యజమాని పేరు కొడితే ఇల్లు కనిపిస్తుంది. పోలీసులు, జడ్జిల వంటి కొన్ని వర్గాలవాళ్లకే దాన్ని దాచుకునే వీలుంది. ఆ ఊట మీరు మూయలేరు. దాన్ని ఫోన్ నంబరుతో, బంధువుల పేర్లతో కలిపి అమ్మే సైట్లను మాత్రం ఒక్కొక్కటిగా మూయించవచ్చు.

బ్రౌజర్ ప్రైవేటు విండోలో మీ పేరు, ఊరు కొట్టి వచ్చిన సైట్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మన పేర్లతో ఒక తిప్పలుంది. ఒక రికార్డులో ఇంటిపేరు ముందు, మరోదాంట్లో చివర, పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లకు 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని ఉండటంతో ఒక్క మనిషికే ఒక్కో సైటులో రెండు మూడు పేజీలు తయారవుతాయి. అందుకని అన్ని వరసల్లోనూ వెతకండి. ఒకటి తీయించి మిగతావి వదిలేస్తే శ్రమంతా వృథా.

తర్వాత ప్రతి సైటులో అట్టడుగున 'డు నాట్ సెల్' లేదా 'ఆప్ట్ అవుట్' లింకు ఉంటుంది. మీ పేజీ లింకును కాపీ చేసి అక్కడ ఇవ్వాలి. మామూలు ఈమెయిల్ ఇవ్వొద్దు, ఈ పనికే కొత్తది ఒకటి తెరవండి. లేకపోతే తీసేయమని అడుగుతూనే వాళ్ల జాబితాకు కొత్త సరుకు ఇచ్చినవాళ్లవుతారు. వాళ్లు పంపే మెయిల్లోని లింకు నొక్కకపోతే వినతి చెల్లదు, స్పామ్ ఫోల్డరూ చూడండి. గుర్తింపు కార్డు అడిగితే ఫొటో, లైసెన్సు నంబరు కనబడకుండా నలుపు పూసి పంపండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న టెక్సస్ ప్రైవసీ చట్టం ప్రకారం జవాబుకు 45 రోజుల గడువు. ఆ చట్టం బహిరంగ రికార్డులకు వర్తించదు కాబట్టి 'ఇది పబ్లిక్ రికార్డు' అని కొందరు తప్పించుకోవచ్చు. అయినా ఎక్కువ సైట్లు అడిగితే తీసేస్తాయి.

గూగుల్ యాప్‌లో మీ ఫొటో మీద నొక్కితే 'రిజల్ట్స్ అబౌట్ యూ' ఉంటుంది. అందులో పేరు, అడ్రసు, ఫోన్ ఇస్తే అవి సెర్చ్‌లో కనబడినప్పుడు మీకు కబురు చెప్పి, తీసే వినతి తీసుకుంటుంది. అది సెర్చ్ ఫలితాన్నే తీస్తుంది, అసలు పేజీ అలాగే ఉంటుంది. అందుకే సైట్ల పని ముందు, గూగుల్ పని తర్వాత. మూడు నెలలకోసారి మళ్లీ వెతకండి. కొత్త రికార్డులు కొన్నప్పుడల్లా పాత పేర్లు తిరిగి మొలుస్తాయి.

ఫైర్‌ఫాక్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద, నా డేటా అమ్మొద్దని వెబ్‌సైట్లకు చెప్పే గడి ఉంది, టిక్కు పెట్టండి. బ్రేవ్ బ్రౌజర్‌లో అది ముందే పనిచేస్తుంటుంది. ఇలాంటి సంకేతాన్ని గౌరవించాలని టెక్సస్, కాలిఫోర్నియా చట్టాలు చెబుతున్నాయి. కాలిఫోర్నియాలో ఉన్న మీ బంధువులకైతే 2026 జనవరి నుంచి ఇంకా మంచి దారి ఉంది. 'డ్రాప్' అనే ప్రభుత్వ సైటులో ఒక్క వినతి పెడితే రిజిస్టరైన డేటా బ్రోకర్లకు, అంటే వివరాలు అమ్ముకునే కంపెనీలన్నిటికీ వెళ్తుంది.

ఇంకొక పని ఇవాళే చేయండి. అప్పుల చరిత్ర దాచే ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ కంపెనీలు మూడింటిలోనూ క్రెడిట్ ఫ్రీజ్ పెట్టండి, అప్పుడు మీ పేరుతో వేరేవాళ్లు కొత్త అప్పు తీసుకోవడం కష్టం. 2017లో ఎక్విఫాక్స్ నుంచి దాదాపు 14.7 కోట్లమంది వివరాలు బయటికి పోయాక, 2018 సెప్టెంబరు నుంచి ఇది దేశమంతటా ఉచితం. ఒకచోట పెడితే మిగతా రెండింటికీ వర్తించదు. డబ్బు కట్టమనే 'లాక్' పథకాలు చూపిస్తారు, మీకు కావలసింది 'ఫ్రీజ్'. పాత కార్డులకు ఏమీ కాదు. కారు లోను, కొత్త కార్డు కావాలనుకున్నప్పుడు తాత్కాలికంగా ఎత్తేస్తే చాలు, ఆన్‌లైన్లో అడిగిన గంటలోపు ఎత్తాలని చట్టం.

ప్రశ్న: నేను గుంటూరులోనే ఉంటాను. వీపీఎన్‌లో జర్మనీ ఎంచుకుంటే యూరప్ హక్కులు నాకూ వస్తాయా?

రావు. యూరప్ డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ చూసేది మీరు నిజంగా ఎక్కడున్నారని, ఐపీ అడ్రసును కాదు. కుకీల పెట్టె కనిపించవచ్చు, అంతవరకే. గూగుల్ నిబంధనల పేజీ తెరిస్తే పైన 'కంట్రీ వెర్షన్' అని ఏ దేశపు లెక్కలో ఉన్నారో రాసి ఉంటుంది. అయితే మీరు వాడుతున్న కంపెనీ యూరప్‌లోనే నెలకొన్నదైతే, ఉదాహరణకు ఒక జర్మన్ ఈమెయిల్ సంస్థ అయితే, గుంటూరులో కూర్చున్నా ఆ చట్టం మీకు వర్తిస్తుంది. పౌరసత్వంతో పనిలేదు.

ప్రశ్న: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇల్లు వెతుకుతున్నాను. ఓనరు షూఫా (అప్పుల చరిత్ర చూపే కాగితం) అడుగుతున్నారు, సైటులో సుమారు 30 యూరోలంటున్నారు. ఉచితంగా వస్తుందని స్నేహితులు చెబుతున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే, కాకపోతే అవి రెండు వేరు కాగితాలు. డబ్బు తీసుకుని ఇచ్చేది ఓనరుకు చూపడానికి తయారుచేసిన పత్రం. ఉచితంగా వచ్చేది 'డాటెన్‌కోపీ', అంటే మీ వివరాల నకలు, జీడీపీఆర్ 15వ ఆర్టికల్ కింద మీ హక్కు. సైటులో డబ్బు పథకం పెద్దగా, ఇది చిన్నగా ఉంటుంది, ఆ మాటతోనే వెతకండి. పేరు, పుట్టినతేదీ, ఇప్పటి అడ్రసు, పాత అడ్రసు ఇస్తే చాలు.

దాన్ని యథాతథంగా ఓనరు చేతిలో పెట్టకండి. మీ బ్యాంకులు, క్రెడిట్ కార్డులు, ఫోన్ ఒప్పందాలు అన్నీ అందులో ఉంటాయి. ఆ వివరాలకు నలుపు పూసి ఇస్తే ఒప్పుకుంటారేమో అడగండి, ఒప్పుకోకపోతే అప్పుడు డబ్బు కట్టండి. ఓనరు కోసం కాకపోయినా ఈ కాపీ ఒకసారి తెప్పించుకోవాలి. ఖాళీ చేసిన పాత అడ్రసు, పేరు కలిసిన ఇంకొకరి బాకీ మీ ఖాతాలో పడి ఉండొచ్చు. సరిదిద్దమనడానికి 16వ ఆర్టికల్ ఉంది.

ఇదే దారిలో జిమ్మునైనా, ఆన్‌లైన్ దుకాణాన్నైనా అడగవచ్చు. సైటు అడుగున 'డాటెన్‌షుట్జ్' (డేటా రక్షణ) పేజీలో మెయిల్ దొరుకుతుంది. మీ పేరు, కస్టమర్ నంబరు, రిజిస్టర్ చేసిన మెయిల్ రాసి, 15వ ఆర్టికల్ కింద కాపీ కావాలనండి. అది చేతికొచ్చాకే 17 కింద తొలగించమనండి. వరస తిరగేస్తే మీ దగ్గర ఏముండేదో తెలిసే ఆధారమే పోతుంది. గడువు ఒక నెల. ఇంకో రెండు నెలలు కావాలంటే ఆ సంగతి మొదటి నెలలోనే చెప్పాలి. బిల్లులు మాత్రం పన్ను చట్టం ప్రకారం కొన్నేళ్లు దాచాల్సిందే, అవి తీయలేదని గొడవపడకండి. ప్రకటనల మెయిళ్లు మాత్రం 21వ ఆర్టికల్ కింద వద్దంటే మారుమాట లేకుండా ఆపాలి.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్న హెస్సే రాష్ట్రపు డేటా రక్షణ కార్యాలయానికి (వీస్‌బాడెన్‌లో ఉంది) ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయండి, ఫీజు లేదు. ప్రపంచంలో మొట్టమొదటి డేటా రక్షణ చట్టం 1970లో ఆ రాష్ట్రంలోనే పుట్టింది. మనుషుల జాబితాలు నాజీల చేతిలో, తర్వాత తూర్పు జర్మనీలో రహస్య పోలీసు సంస్థ స్టాసీ చేతిలో ఎలాంటి ఆయుధాలయ్యాయో చూసిన జనం వాళ్లు. 1983లో జనగణన మీద వ్యతిరేకత కోర్టుకెక్కితే, తన సమాచారం ఎవరికివ్వాలో తేల్చుకునే హక్కు మనిషిదేనని వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. అలాగని యూరప్ అంతా ఒకటే అనుకోవద్దు. నార్వేలో ఎవరి ఆదాయమెంతో పన్ను జాబితాలో ఎవరైనా చూడవచ్చు, కాకపోతే ఎవరు చూశారో ఆ ఆదాయం గలవాళ్లకు తెలుస్తుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో అన్నయ్య ఇంటికున్న డోర్‌బెల్ కెమెరానే మ్యూనిక్‌లో మా ఇంటికి బిగించాను. పక్కింటావిడ తీసేయమంటున్నారు. ఆమె మాట సబబేనా?

కెమెరా చూపు మీ గడప దాటితే సబబే. వీధిని కూడా పట్టే ఇంటి కెమెరా కేవలం సొంత వ్యవహారం కాదని యూరప్ న్యాయస్థానం 2014లో ఒక చెక్ కేసులో చెప్పింది. 2010లో గూగుల్ స్ట్రీట్ వ్యూ 20 జర్మన్ నగరాలకు వచ్చినప్పుడు దాదాపు 2,44,000 ఇళ్లవాళ్లు తమ ఇంటి బొమ్మను మసక చేయించుకున్నారు. మీ పొరుగావిడ ఆ నమ్మకంలో పెరిగిన మనిషి, ఆమెది చాదస్తం అనుకోకండి.

కెమెరాను కిందికి, మీ గుమ్మం వైపు వంచండి. యాప్‌లో 'ప్రైవసీ జోన్స్' తెరిచి రోడ్డు, ఆవిడ గుమ్మం పడే భాగమంతా నలుపు చేయండి. మాటల రికార్డింగ్ పూర్తిగా ఆపండి. జర్మనీలో ఒకరి ఆంతరంగిక మాటల్ని అనుమతి లేకుండా రికార్డు చేయడం శిక్షాస్మృతిలో నేరం. వీడియోలు 72 గంటల్లో చెరిగిపోయేలా పెట్టి, కెమెరా ఉందని చిన్న పలక అతికించండి. అద్దె ఫ్లాటైతే ఓనరు అనుమతి కావాలి, అందరూ నడిచే మెట్ల వైపు పెట్టనే కూడదు. అంతా అయ్యాక ఫోన్‌లో కనిపించే దృశ్యం ఆవిడకు చూపించండి, తగవు అక్కడే తీరిపోవచ్చు.

మీ అన్నయ్యకు వీధివైపు చూపు పెద్ద సమస్య కాదు. ఆయన జాగ్రత్తపడాల్సింది క్లౌడ్ గురించి. రింగ్ కంపెనీ సిబ్బంది, కాంట్రాక్టర్లు వినియోగదారుల వీడియోలు చూశారన్న అభియోగం మీద 2023లో అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీతో కంపెనీ 58 లక్షల డాలర్లకు రాజీపడింది. వీడియోను కంపెనీ కూడా చూడలేకుండా చేసే 'ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్' ఆ మోడల్‌లో ఉంటే ఆన్ చేసుకోమనండి. కొన్ని సౌకర్యాలు తగ్గుతాయి, తగ్గినా మేలే.

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్‌కు అమెరికా వెళ్తోంది. ఇన్‌స్టాగ్రామ్ పబ్లిక్ చేయాలంటున్నారు. తప్పదా?

తప్పదనే అనుకోండి. ఎఫ్, ఎం, జే (చదువు, ఎక్స్ఛేంజ్) వీసాలకు దరఖాస్తు చేసేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా ఉంచాలని 2025 జూన్‌లో అమెరికా విదేశాంగ శాఖ కోరింది. డిసెంబరులో హెచ్-1బీ, హెచ్-4 కూడా కలిపారు. షెంజెన్ వీసా ఫారంలో ఆ గడే లేదు.

పబ్లిక్ చేసేముందు అమ్మాయితో కూర్చుని పాత పోస్టులన్నీ చూడండి. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం అందిన రోజు సంతోషంతో పెట్టిన ఫొటోలో సెవిస్ నంబరు (విద్యార్థి గుర్తింపు సంఖ్య) ఉంటుంది. పాస్‌పోర్టు పేజీ, బోర్డింగ్ పాస్, ఆధార్ కనిపించే చిత్రాలూ ఉండొచ్చు. ఇవి మోసగాళ్లకు పనికొచ్చేవి, వెంటనే తీసేయండి. బయోలో ఫోన్ నంబరు, పుట్టినతేదీ ఉంటే చెరిపేయండి. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి, ఎందుకంటే పబ్లిక్ ఖాతాల ఫొటోలతో నకిలీ ఖాతాలు తెరిచేవాళ్లు ఎక్కువ.

ఖాతానే మూసేసి లేదనడం మాత్రం చేయొద్దు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో గత 5 ఏళ్లలో వాడిన యూజర్‌నేమ్‌లు అడుగుతారు, ఇంటర్‌లో తెరిచి వదిలేసింది కూడా లెక్కే. మన దగ్గర ఈ ఫారం చాలావరకు కన్సల్టెన్సీవాళ్లే నింపేస్తారు. సబ్మిట్ చేసేముందు సోషల్ మీడియా పేజీని అమ్మాయే తెరిచి, ఒక్కో ఖాతా పేరు అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. అక్కడ 'నన్' అని ఎవరో ఎంచేసి ఉంటే ఇంటర్వ్యూలో జవాబు చెప్పుకోవాల్సింది ఆమే.