అప్‌డేట్ తర్వాత బ్రష్ నత్తనడక: ముందు జీపీయూ ఆపి చూడు

తమ్ముడూ, ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించాక, మచ్చలు చెరిపే హీలింగ్ బ్రష్ గీత రెండు సెకన్లు ఆగి పడుతోందనీ, పెళ్లి ఆల్బమ్ సేవ్ చేస్తుంటే సాఫ్ట్‌వేర్ మూసుకుపోతోందనీ రాశావు. నిరుడు విజయనగరంలో సిరిమాను ఫొటోలప్పుడు నాదీ ఇదే గోల. మూడు లాంతర్ల కూడలి దగ్గర తీసినవన్నీ తెల్లారేసరికి ఇవ్వాలి, బ్రష్ చూస్తే కదలదు.

సిస్టమ్ పాతబడిందని మార్చేయకు. కొత్త వెర్షన్లు చాలా పనుల్ని గ్రాఫిక్స్ కార్డు, అంటే జీపీయూ మీద వేస్తున్నాయి. ఆ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, పాతదైతే అక్కడే తన్నేస్తుంది. సెట్టింగ్స్‌లో జీపీయూ వాడకం ఆపి, సాఫ్ట్‌వేర్ మూసి తెరిచి, అదే బ్రష్ గీసి చూడు. చకచకా కదిలిందా, దొంగ దొరికినట్టే. కార్డు కంపెనీ సైటు నుంచే డ్రైవర్ తెచ్చి ఎక్కించి, జీపీయూ మళ్లీ ఆన్ చెయ్యి.

సేవ్‌లో పడిపోవడం వేరే జబ్బు కావచ్చు. 24 మెగాపిక్సెల్ ఫొటో 16 బిట్‌లో తెరిస్తే ఒక్క లేయరే (ఎడిటింగ్‌లో ఒక పొర) 144 ఎంబీ. 8 జీబీ ర్యామ్ ఎంతసేపు ఆగుతుంది? నిండాక మిగతాది డిస్కు మీద రాసుకుంటుంది. నీ సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగా ఉందేమో చూడు. అలా రాసుకునే చోటు, అంటే స్క్రాచ్ డిస్కుని, ఖాళీ ఉన్న ఎస్ఎస్‌డీకి మార్చు.

ఏదీ కుదరకపోతే పాత వెర్షన్‌కి వెళ్లిపో, ఆటో అప్‌డేట్ ఆపేయ్. ముహూర్తాల నెలలో నేనైతే దాని జోలికే పోను.