పంచదార తెలుపు వెనక ఎముకల పొడి ఉందా?

బెల్లం, ముడి పంచదార, రిఫైన్డ్ పంచదార అన్నీ చెరకులోంచే వస్తే మరి తేడా ఎక్కడ, తెలుపు కోసం ఎముకల పొడి వేస్తారన్నది నిజమేనా అని అడిగారు. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. తాతగారికి బెల్లం పెనం ఉండేది, నేనేమో చదువయ్యాక ఒక పంచదార మిల్లు ల్యాబ్‌లో రెండు సీజన్లు పనిచేశాను. రెండుచోట్లా చూసిందే చెప్తున్నా.

అసలు పంచదార పలుక్కి రంగే ఉండదు. రంగంతా దాన్ని పట్టుకుని ఉన్న మొలాసిస్‌ది, అంటే పలుకు కట్టకుండా మిగిలే నల్లటి చిక్కటి పాకానిది.

బెల్లంలో ఆ మొలాసిస్‌ని విడదీయరు. గానుగాడిన రసంలో తాతగారు సున్నపు నీళ్లు, బెండ జిగురు వేసి, పైకి తేలిన మురికి తీసేసి, 115 డిగ్రీలు దాటేదాకా తెరిచిన పెనంలోనే కాచేవారు, అందుకే ఆ రంగూ ఆ వాసనా. అలాగని బెల్లమంతా స్వచ్ఛమనుకోకండి, పసుపు దిమ్మకి రేటు ఎక్కువ పలుకుతుందని హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం కలిపేవాళ్లూ ఉన్నారు.

మిల్లులో రసాన్ని వేడిచేసి సున్నం కలుపుతారు, గంధకం కాల్చిన పొగని అందులోకి పంపుతారు. మురికి ముద్దకట్టి అడుక్కి దిగుతుంది. తేరిన రసాన్ని చిక్కబరిచి, ఆ పాకంలోకి ఇంకోసారి గంధకం పొగ పెట్టి, వాక్యూమ్ పాన్‌లో కాస్తారు. గాలి తీసేసిన పాన్ కాబట్టి 65-70 డిగ్రీలకే మరుగుతుంది, పాకం మాడి నల్లబడదు. మా పాన్ మ్యాన్ మీటర్లని పెద్దగా పట్టించుకునేవాడు కాదు, చిటికెడు పాకం తీసి గాజు ముక్క మీద పులిమి, బల్బుకి ఎదురుగా పెట్టి పలుకు సైజు చూసి "ఇంకో పది నిమిషాలు" అనేవాడు, నిజంగానే పది నిమిషాలకి దించేవాళ్లం.

ఆ తర్వాతదే నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరనిది. తారులాంటి ముద్ద సెంట్రిఫ్యూగల్‌లో పడుతుంది, జల్లెడ గోడల బుట్ట గిర్రున తిరుగుతుంది, మొలాసిస్ బయటికి చిమ్ముతుంది. నీళ్లు కాస్త చల్లగానే గోధుమ రంగు గోడ కళ్లముందే తెల్లబడిపోతుంది. అంతే, తెలుపు రహస్యం! టన్ను చెరక్కి సుమారు క్వింటా పంచదార వస్తుంది. చెరకు నరికాక ఆలస్యమైతే అదీ తగ్గుతుంది. ఒక ఏడాది మా చెరకు బండి మిల్లు గేటు దగ్గర రెండు రోజులు నిలబడిపోయింది, ఎండకి ఎండి కాటా దగ్గర తూకమే పడిపోయింది.

గంధకం లేకుండా సున్నంతోనే శుభ్రంచేసి, పలుకు మీద పల్చటి మొలాసిస్ పొర ఉంచేస్తే అది ముడి పంచదార. దాన్ని మళ్లీ కరిగించి, వడకట్టి, కార్బన్ లాంటివాటితో రంగు తీసి, మళ్లీ పలుకు కట్టిస్తే రిఫైన్డ్. కాకినాడ దగ్గర వాకలపూడిలో ఈ పని జరుగుతుంది. కిరాణా కొట్లో విడిగా అమ్మేది మాత్రం ఎక్కువగా గంధకం పద్ధతిదే, దాన్ని రిఫైన్డ్ అనడం మన అలవాటు.

ఇక ఎముకల సంగతి: ఎముకల్ని కాల్చి చేసిన బొగ్గుతో పాకాన్ని వడకట్టి రంగు తీయడం అమెరికాలో కొన్ని రిఫైనరీల్లో ఉంది, నేను పనిచేసిన మిల్లులో ఆ మాటే వినలేదు. గంధకం వద్దనుకుంటే ప్యాకెట్ మీద "సల్ఫర్‌లెస్" అని ఉందేమో చూసుకోండి. బ్రౌన్ షుగర్‌కి ఎక్కువ డబ్బు పెట్టేముందు కూడా వెనక చదవండి, కొన్ని తెల్ల పంచదారకే మొలాసిస్ పట్టించి అమ్మేవి.