బయటి జీపీయూతో పైటార్చ్ బిల్డ్: మేనల్లుడికి ఉత్తరం

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పైటార్చ్ (కంప్యూటర్‌కి ఫొటోలు గుర్తుపట్టడం లాంటివి నేర్పే సాఫ్ట్‌వేర్) బిల్డ్, అంటే దాన్ని సోర్స్ కోడ్ నుంచి తయారుచేసే పని, మూడుసార్లు మధ్యలో ఆగిందనీ, ల్యాప్‌టాప్ బిగుసుకుపోయిందనీ రాశావు. ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో తగిలించే ఆ బయటి జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) పెట్టెను అనుమానించకు. పైటార్చ్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసేటప్పుడు జీపీయూకి పనే లేదు. కష్టమంతా ప్రాసెసర్‌ది, ర్యామ్‌ది. ఎన్‌విడియా కార్డులకి కోడ్ తయారుచేసే క్యూడా టూల్‌కిట్ ఉంటే చాలు, పెట్టె కేబుల్ తీసేసినా బిల్డ్ పూర్తవుతుంది. కాకపోతే కార్డు కనబడనప్పుడు అది రకరకాల తరాల కార్డులన్నిటికీ కోడ్ తయారు చేస్తుంది. నీది జీటీఎక్స్ 1060 కాబట్టి ఏ తరం కార్డులకి కోడ్ కావాలో చెప్పే టార్చ్ క్యూడా ఆర్చ్ లిస్ట్ (TORCH_CUDA_ARCH_LIST) అనే వేరియబుల్‌లో నీ కార్డు తరం 6.1 అని ఒక్కటే పెట్టు. బోలెడు సమయం మిగులుతుంది. క్యూడా 13లో నీ కార్డు తరాన్ని తీసేశారు, 12 వేసుకో. ఎన్‌విడియా ఎస్ఎంఐ (nvidia-smi) ఆదేశం పైన చూపించే క్యూడా వెర్షన్ చూసి మోసపోకు, అది డ్రైవర్ మోయగలిగే గరిష్ఠం మాత్రమే. నీ దగ్గరున్న టూల్‌కిట్ ఏదో ఎన్‌వీసీసీని (nvcc, టూల్‌కిట్‌లోని కంపైలర్) అడిగితేనే తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ బిగుసుకుపోవడానికి కారణం ర్యామ్ అనే నా నమ్మకం. కోర్లు ఎన్నుంటే అన్ని ఫైళ్లు ఒకేసారి మొదలవుతాయి, కొన్ని ఫైళ్ల దగ్గర ఒక్కో ఎన్‌వీసీసీయే కొన్ని జీబీలు తినేస్తుంది. నీ 16 జీబీ ర్యామ్‌కి, ఒకేసారి ఎన్ని ఫైళ్లో చెప్పే మ్యాక్స్ జాబ్స్ (MAX_JOBS) వేరియబుల్ 3 పెట్టు. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) కూడా కొంచెం పెంచు. నెమ్మదిగా సాగుతుంది, సాగనీ. రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టు, ఈ ఎండల్లో పగలు వద్దు.

కరెంటు పోతుందని టెన్షన్ పడకు. మొదటిసారి నాకు అర్ధరాత్రి పోతే, విసుగొచ్చి మొత్తం చెరిపి మళ్లీ మొదలుపెట్టాను. ఇంకో రాత్రి వృథా. అదే ఆదేశం మళ్లీ ఇస్తే ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. కరెంటు పోయిన క్షణంలో సగం రాసిన ఫైలు ఏదైనా తప్పు చూపిస్తే ఆ ఒక్కదాన్నే తీసెయ్. ఇప్పుడు ఆర్చ్ మారుస్తున్నావు గనక ఈ ఒక్కసారికి బిల్డ్ ఫోల్డర్ చెరిపి మొదలుపెట్టు, తర్వాత ముట్టుకోకు.

అయ్యాక సోర్స్ ఫోల్డర్‌లోంచి బయటికొచ్చి పైథాన్‌లో టార్చ్‌ను ఇంపోర్ట్ చెయ్యి. లోపలుండి చేస్తే అక్కడున్న టార్చ్ ఫోల్డర్‌నే పట్టుకుని ఎర్రర్ ఇస్తుంది.

పెట్టె సంగతి అప్పుడు చూడు. ల్యాప్‌టాప్ ఆపి ఉన్నప్పుడే కేబుల్ పెట్టు, ట్రైనింగ్ నడుస్తుండగా మాత్రం ఎప్పుడూ లాగకు. కార్డు కనబడకపోతే ముందు థండర్‌బోల్ట్ (పెట్టెను కలిపే ఆ కేబుల్ రకం) అనుమతి ఇచ్చావో లేదో బోల్ట్ సీటీఎల్ (boltctl) ఆదేశంతో చూసుకో. థండర్‌బోల్ట్ 3కి పేరుకి సెకనుకి 40 గిగాబిట్లు గానీ, కార్డు వాటాకి వచ్చేది అంతకంటే బాగా తక్కువ. కాలవ సన్నం, చేను పెద్దది. అందుకని భీమవరం చెరువుల దగ్గర నువ్వు తీసిన తెల్లమచ్చ తెగులు రొయ్యల ఫొటోలను ముందే చిన్నవి చేసి దాచుకో. వాటిని 8 బిట్ల అంకెలుగానే కార్డుకి పంపి, అక్కడికెళ్లాక ఫ్లోట్‌గా (32 బిట్ల దశాంశ అంకెలుగా) మార్చు. కేబుల్ మీద బరువు నాలుగో వంతుకి పడిపోతుంది. నీ పనికి అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

మళ్లీ ఆగితే చివరి యాభై లైన్లు కాదు, మొదటి ఎర్రర్ ఎక్కడ వచ్చిందో అది పంపు. అక్కనీ, బావగారినీ అడిగానని చెప్పు.

మావయ్య